ఒక మూల మంట, ఒక ఉక్కు స్తంభం

గత సంవత్సరం కళాశాల వార్షికోత్సవం ముగిసిన మరునాడు సభామందిరాన్ని సర్దుతున్న సమయంలో ఒక విద్యార్థి మమ్ము ఒక ప్రశ్న అడిగినాడు. వేదికకు వాడిన కర్రపలకలు, రంగుగుడ్డలు, థర్మోకోల్‌తో కోసిన ఉర్దూ, తెలుగు అక్షరాలు, కాళ్లు విరిగిన బల్లలు అన్నీ మందిరంలోని ఒక ఉక్కు స్తంభం మొదట కుప్పగా పడి ఉన్నవి. "సార్, ఈ కుప్పకు నిప్పంటుకుంటే స్తంభానికేమైనా అవుతుందా? హాలంతా తగలబడితే వేరు సంగతి. ఒక్క మూల మంటకు ఇనుము ఏమవుతుంది?" అన్నాడతడు. ఏమీ కాదని చెప్పబోయి ఆగినాము. మేము భౌతికశాస్త్రం చెప్పేవారమే గాని ఇంజనీర్లము కాము. అయినను ప్రశ్న మా శాస్త్రానికి సంబంధించినదే కాబట్టి, నాలుగు గ్రంథాలు తిరగవేసి, అతనిని, మరి కొందరు విద్యార్థులను కూర్చోబెట్టుకొని లెక్క కట్టినాము. ఆ విధంగా తేలిన విషయాలను ఇక్కడ పాఠకుల ముందుంచుతున్నాము. ఇందులోని లెక్కలు ఇంటర్మీడియట్ విద్యార్థి వేయగలిగినవే. డిగ్రీలన్నీ సెల్సియస్ మానంలోనివి.

కర్ర మండుతుంది, ఇనుము మండదు. కాబట్టి ఇనుముతో కట్టిన కట్టడానికి అగ్నిభయం లేదని సామాన్యుల నమ్మకం. ఇందులో మొదటి మాట నిజం. రెండవది దాని నుండి రాదు. ఇనుము మండకపోవచ్చును గాని మెత్తబడుతుంది. ఈ రహస్యం మన కమ్మరికి పుస్తకం చదవకుండానే తెలుసు. కొలిమిలో ఎర్రబడిన కమ్మిని దాగలి మీద పెట్టి అతడు సమ్మెటతో ఎటు కావాలంటే అటు వంచుతాడు. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసలలో ఉక్కు కాచిన పూర్వపు పనివారు ఈ విద్యలో ఆరితేరినవారు. ఆ ఉక్కు కొరకు పర్షియా వర్తకులు అంత దూరం నుండి వచ్చేవారు. మా ఉర్దూ విభాగపు మిత్రులు ఉక్కును 'ఫౌలాద్' అని పిలిచే మాట కూడ ఆ పర్షియా భాషదే. కొలిమిలో కమ్మికి ఏది జరుగుతుందో భవనంలో స్తంభానికీ అదే జరుగుతుంది. అయితే కమ్మి మీద ఏ భారమూ లేదు, స్తంభం మీద కప్పంతా ఉన్నది.

ఎంత వేడికి ఎంత బలం పోతుంది? మన దేశంలో ఉక్కు కట్టడాలకు ప్రమాణమైన ఐ.ఎస్. 800 (2007) గ్రంథంలోని పదునారవ అధ్యాయం ఇందుకు ఒక సులభమైన సూత్రం చెబుతుంది. 215 డిగ్రీల వరకు ఉక్కు బలం చెక్కుచెదరదు. ఆపైన అది సరళరేఖలో తగ్గుతూ 905 డిగ్రీల వద్ద సున్న అవుతుంది. నడుమ ఏ ఉష్ణోగ్రత వద్దనైనా మిగిలిన బలం కావాలంటే 905 నుండి ఆ ఉష్ణోగ్రతను తీసివేసి 690తో భాగిస్తే చాలు. 550 డిగ్రీల వద్ద ఈ లెక్కకు 0.51 వస్తుంది, అనగా సగం. ఐరోపా ప్రమాణం మొదట్లో కొంత ఉదారంగా 400 డిగ్రీల వరకు పూర్తి బలం ఉంటుందని చెప్పినా, 600 డిగ్రీలకు వచ్చేసరికి అదీ సగానికి లోపే నిలుస్తుంది.

ఈ సంఖ్యను మరొక సంఖ్య ప్రక్కన పెట్టి చూడాలి. వేడెక్కిన ఘనపదార్థం సుమారు 525 డిగ్రీల వద్ద చీకటిలో కనబడీ కనబడని ఎరుపును వెలువరించడం మొదలుపెడుతుందని 1847లో డ్రేపర్ అనే శాస్త్రజ్ఞుడు చూపినాడు. చీకటి గదిలో అయితేనే ఆ ఎరుపు కనబడుతుంది. పట్టపగలు, అందునా పొగలో, ఆ స్తంభం నల్లగానే కనబడుతుంది. అనగా చూపుకు ఏ మార్పూ లేని స్తంభం అప్పటికే తన బలంలో దాదాపు సగం పోగొట్టుకొని ఉండవచ్చును. "ఇంకా ఎర్రబడలేదు గదా" అని లోపల నిలబడినవాని ధైర్యం ఎంత ప్రమాదకరమో విద్యార్థులు గ్రహింతురు గాక.

అదే సూత్రాన్ని తిరగవేస్తే స్తంభం ఏ ఉష్ణోగ్రత వద్ద ఓడిపోతుందో తెలుస్తుంది. స్తంభం మోయగలిగిన దానిలో సగమే మోస్తున్నట్లయితే 560 డిగ్రీల వరకు నిలుస్తుంది. నూటికి 70 వంతులు మోస్తున్నట్లయితే 422 డిగ్రీలకే లొంగుతుంది. 30 వంతులే మోస్తున్నది 698 వరకు పోరాడుతుంది. కాబట్టి 'ఉక్కు ఇన్ని డిగ్రీలకు కూలుతుంది' అని ఒకే సంఖ్య చెప్పడం సరికాదు. దాని తల మీద ఎంత భారమున్నదో అడిగి చెప్పాలి.

ఇక మంట సంగతి. గది అంతా ఒక్కసారిగా అంటుకొని కొలిమి వలె మారిన అగ్ని ఒక రకం. స్తంభాలను పరీక్షించే కొలిములు దీనినే అనుకరిస్తవి. అందులో ఉష్ణోగ్రత అర్ధగంటకు సుమారు 840, గంటకు 945 డిగ్రీలు చేరుతుంది, స్తంభం నాలుగు వైపుల నుండి సమంగా వేడెక్కుతుంది. మా విద్యార్థి అడిగినది దీనిని గూర్చి కాదు. పెద్ద మందిరంలోనో, వాహనాలు నిలిపే షెడ్డులోనో, గోదాములోనో ఒకచోట మాత్రమే కుప్ప అంటుకొని, మిగిలిన చోటంతా చల్లగా ఉండే స్థానిక అగ్ని రెండవ రకం. ఇందులో స్తంభానికి ఒక ప్రక్క మంట, మరొక ప్రక్క మామూలు గాలి. మొదట నిప్పు, నడుమ జ్వాల, తల వద్ద పొగ. ప్రతి భాగానికీ వేరు వేరు వేడి. లెక్కకు ఇదే కష్టమైనది.

వేడి మూడు విధాలుగా ప్రయాణిస్తుందని మనం పాఠాలలో చదివినాము. జ్వాల స్తంభాన్ని తాకుతున్నచోట సంవహనానికి కొంత పాలు ఉన్నది. వహనం స్తంభంలో పైకి క్రిందికి వేడిని పంచుతుంది గాని అంత త్వరగా పంచలేదు. ముఖ్యపాత్ర వికిరణానిది. 1879లో స్టీఫాన్ కనుగొన్న నియమం ప్రకారం వికిరణం పరమ ఉష్ణోగ్రత నాలుగవ ఘాతాన్ని అనుసరిస్తుంది. దీని ఫలం చూడండి: 400 డిగ్రీల వద్ద నల్లని వస్తువు చదరపు మీటరుకు సుమారు 12 కిలోవాట్లు వెదజల్లితే, 800 డిగ్రీల వద్ద 75 కిలోవాట్లు, 1000 డిగ్రీల వద్ద దాదాపు 150 కిలోవాట్లు వెదజల్లుతుంది. మన వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1 కిలోవాటు మాత్రమే.

మా కుప్ప దగ్గరకు వద్దాము. వెయ్యి కిలోవాట్ల మంట అంటే భయంకరంగా వినబడుతుంది గాని, నిమిషానికి మూడున్నర కిలోల కట్టె కాలితే వచ్చేది అంతే. అటువంటి మంట మీటరు వెడల్పు నేల మీద లేస్తే జ్వాల ఎంత ఎత్తు పోతుంది? ఐరోపా ప్రమాణంలో చేరిన హెస్కెస్టాడ్ సూత్రం ప్రకారం 2.7 మీటర్లు. కుప్ప రెండు మీటర్ల వెడల్పు ఉండి మంట నాలుగింతలైతే జ్వాల 4.4 మీటర్లు పోవలసి వస్తుంది. మా మందిరంలో పైకప్పే 3.6 మీటర్ల ఎత్తున ఉన్నది. అప్పుడు జ్వాల కప్పును తాకి, పోదామంటే చోటు లేక, గొడుగు వలె ప్రక్కలకు పరచుకుంటుంది. ఆ గొడుగు క్రింద ఉన్న స్తంభాల తలలన్నిటికీ వేడి తగులుతుంది.

స్తంభం మంటకు ఎడంగా ఉన్నప్పుడు దూరమే దానికి రక్ష. మంట ఉష్ణంలో సుమారు మూడవ వంతు వికిరణంగా పోతుంది. వెయ్యిలో 300 కిలోవాట్లు అనుకుందాము. మంటను ఒక బిందువుగా భావించి, మీటరు వ్యాసార్ధం గల గోళాన్ని దాని చుట్టూ ఊహించినట్లయితే గోళం వైశాల్యం సుమారు 12.6 చదరపు మీటర్లు. కాబట్టి మీటరు దూరాన చదరపు మీటరుకు 24 కిలోవాట్లు పడుతవి. రెండు మీటర్ల దూరాన 6 కిలోవాట్లు. మూడు మీటర్ల దూరాన 3 కిలోవాట్లకు కూడ తక్కువ. ఇప్పుడు స్టీఫాన్ నియమాన్ని తిరిగి పిలుద్దాము. 6 కిలోవాట్లు అందుకుంటున్న ఉక్కు, తానూ 6 కిలోవాట్లు వెదజల్లే ఉష్ణోగ్రత వరకు మాత్రమే వేడెక్కగలదు. అది సుమారు 300 డిగ్రీలు. వెనుక ముఖం నుండి, గాలికి పోయే వేడిని కూడ లెక్కిస్తే ఇంకా తక్కువ. అనగా రెండు మీటర్ల దూరాన ఉన్న స్తంభాన్ని ఆ మంట వికిరణం తెల్లవార్లు మండినా కూల్చలేదు. అదే 24 కిలోవాట్లకైతే ఆ హద్దు సుమారు 530 డిగ్రీలు! ఒక్క మీటరు తేడాలో భద్రమైన స్తంభం అపాయపు అంచుకు వచ్చింది. విద్యార్థులు ఈ లెక్క వేసిన రోజున కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

రెండు హెచ్చరికలు చేయవలసి ఉన్నవి. మంట నాలుగింతలైతే ఈ దూరాలన్నీ రెట్టింపు అవుతవి. రెండు మీటర్లు అనేది అన్ని కుప్పలకు చెల్లే మంత్రం కాదు. రెండవది, మంటకు మరీ దగ్గరగా పోతే బిందువు అనే ఊహ చెల్లదు. ఎత్తైన జ్వాల ఎదుట నిలిచిన స్తంభానికి జ్వాల అంతా కనబడుతుంది. కాబట్టి జ్వాలను శంకువుగానో, స్తూపంగానో భావించి, దాని ఉపరితలం నుండి స్తంభంలోని ఒక్కొక్క భాగం ఎంత భాగాన్ని 'చూస్తున్నదో' లెక్కించాలి. ఇందుకొరకే 2010ల దశకంలో ఐరోపాలో లొకాఫి అనే పరిశోధన నడిచింది. బెల్జియంలోని లీజ్‌లోను, అల్‌స్టర్ విశ్వవిద్యాలయంలోను మంటలు వెలిగించి, మంట నడుమ, మంటకు ఎడంగా నిలిపిన స్తంభాల ఉష్ణోగ్రతలను కొలిచినారు.

స్తంభాన్ని జ్వాల ఆవరించినప్పుడు ఎంత కాలం పడుతుంది? 10 మిల్లీమీటర్ల మందం గల ఉక్కు రేకును తీసుకుందాము. చదరపు మీటరుకు దాని బరువు 78.5 కిలోలు. విశిష్టోష్ణం చల్లగా ఉన్నప్పుడు కిలోకు దాదాపు 450 జౌళ్లు. వేడితో పెరుగుతుంది కాబట్టి సగటున 600 అనుకుంటే, ఒక డిగ్రీ వేడెక్కడానికి 47 కిలోజౌళ్లు కావాలి. ఒక ముఖం నుండి 50 కిలోవాట్లు లోనికి పోతే సెకనుకు రమారమి ఒక డిగ్రీ! 550 డిగ్రీలకు తొమ్మిది నిమిషాలు చాలు. రెండు ముఖాలూ మంటలో ఉంటే నాలుగైదు నిమిషాలు. రేకు 30 మిల్లీమీటర్ల మందమైతే, ఒకే ముఖం నుండి, దాదాపు 25 నిమిషాలు. ఉక్కు వేడెక్కేకొద్దీ తిరిగి వెదజల్లుతుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం ఆలస్యమవుతుంది. ఇక వెయ్యి కిలోవాట్ల మంట పది నిమిషాలు నిలవడానికి కావలసిన కట్టె 35 కిలోలు. మా కుప్పలో విరిగిన బల్లలే అంతకు మించి ఉన్నవి. థర్మోకోల్ అయితే కిలోకు కట్టెకంటె రెండింతలకు పైగా వేడినిస్తుంది.

బరువైన స్తంభం ఆలస్యంగా వేడెక్కుతుందన్న ఈ చిన్న లెక్కను లండన్‌లో ఒక అగ్నిప్రమాదం పెద్ద ఎత్తున నిరూపించింది. 1990 జూన్ 23వ తేదీ రాత్రి, బ్రాడ్‌గేట్ అనేచోట కడుతున్న 14 అంతస్తుల ఉక్కు భవనంలో, మొదటి అంతస్తున పనివారి కొరకు వేసిన తాత్కాలికపు గదులలో నిప్పు పుట్టింది. కట్టడం పూర్తి కాలేదు కాబట్టి నీళ్లు చిమ్మే ఏర్పాటు పనిచేయడం లేదు; చాలా స్తంభాలకు రక్షణ పూతలు పూయబడలేదు. మంట నాలుగున్నర గంటలు నిలిచింది. లోపలి ఉష్ణోగ్రత 1000 డిగ్రీలు దాటినది. చల్లారిన తరువాత చూస్తే కొన్ని పలుచని స్తంభాలు నలిగి సుమారు 10 సెంటీమీటర్లు పొట్టివైనవి. వాటి ప్రక్కనే, అదే మంటలో నిలిచిన బరువైన స్తంభాలకు శాశ్వతమైన వంకర ఏదీ లేదు. అయితే భవనం కూలలేదు, ఒక ప్రాణం కూడ పోలేదు. పొట్టిబడిన స్తంభాలు దించివేసిన భారాన్ని ఇరుగుపొరుగు స్తంభాలు అందుకున్నవి.

పొట్టి కావడానికి మెత్తదనం ఒక్కటే కారణం కాదు. మూడున్నర మీటర్ల స్తంభం 500 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర సెంటీమీటర్ల వరకు పొడుగు పెరుగుతుంది. పై కట్టడం బరువుగా, గట్టిగా ఉండి దానిని పెరగనీయకపోతే, ఆ అణచివేత అంతా అదనపు భారమై తిరిగి స్తంభం మీదనే పడుతుంది. బలం తగ్గుతున్న వేళనే భారం పెరగడమన్నమాట. బ్రాడ్‌గేట్‌లో పైనున్న దృఢమైన దూలాలు ఇదే పని చేసినవి.

స్థానిక అగ్నిలో ఇంకొక చిక్కు ఉన్నది. మంటవైపు ముఖం వెనుక ముఖం కంటె 200 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకుంటే, ముందు ముఖం ఎక్కువ సాగి స్తంభం మంటవైపునకు విల్లు వలె ఉబ్బుతుంది. 25 సెంటీమీటర్ల మందం, మూడున్నర మీటర్ల ఎత్తు గల స్తంభం నడుమ ఈ ఉబ్బు 17 మిల్లీమీటర్ల వరకు రాగలదు. నిటారుగా నిలిచినవాడు మోయగల బస్తాను నడుము వంగినవాడు మోయలేడు. సన్నని నిడుపాటి స్తంభం నలగడానికి ముందే ప్రక్కకు వంగిపోతుందని 1744లోనే ఆయిలర్ గణితం ద్వారా చూపినాడు. ఆ వంపును అడ్డగించే యంగ్ గుణకం కూడ 550 డిగ్రీల వద్ద మన ప్రమాణ గ్రంథం ప్రకారం 60 శాతానికి దిగుతుంది.

ఇంగ్లండులోని కార్డింగ్‌టన్‌లో పూర్వం ఆకాశనౌకలను నిలిపిన ఒక బ్రహ్మాండమైన షెడ్డు ఉన్నది. అందులో ఎనిమిది అంతస్తుల ఉక్కు భవనాన్ని కట్టి, 1995, 1996 సంవత్సరాలలో కావాలని తగులబెట్టి చూసినారు. ఒక పరీక్షలో స్తంభాలకు ఫాల్స్ సీలింగ్ ఉండదగిన ఎత్తు వరకు మాత్రమే రక్షణ తొడుగు వేసినారు. పైన కొంత భాగం బోసిగా వదిలినారు. మంటలో ఆ బోసి భాగం 670 డిగ్రీల ప్రాంతానికి చేరి, సుమారు 18 సెంటీమీటర్లు నలిగి అణగిపోయింది. తొడుగు ఉన్న భాగం మాత్రం నిలిచింది. ఆ తరువాతి పరీక్షలలో స్తంభాలకు నిలువెల్లా తొడుగు వేసినారు.

తొడుగులు పలు రకాలు. ఇటుక గోడ, కాంక్రీటు పాత పద్ధతులు. వేడికి నురగ వలె పొంగి కవచమయ్యే రంగులున్నవి. జిప్సం పలక బరువులో ఐదవ వంతు దాకా రసాయనికంగా బంధింపబడిన నీరే. ఆ నీరంతా ఆవిరైపోయేవరకు వెనుకనున్న ఉక్కు నూరు డిగ్రీలను పెద్దగా దాటదు. ఏ తొడుగైనను సందు లేకుండ ఉంటేనే దాని ప్రయోజనం.

ఇది చదివిన తరువాత మా విద్యార్థులు నిచ్చెన తెచ్చి, మందిరంలోని ఆరు స్తంభాలను కొలిచినారు. కళాశాల కార్యవర్గం వారు దయతో గమనించవలసిన విషయాలివి. వేదిక ప్రక్కనున్న రెండు స్తంభాలకు పూర్వమెప్పుడో జిప్సం పలక చుట్టించినారు, సంతోషం. కాని ఆ పలక ఫాల్స్ సీలింగ్ వద్దనే ఆగిపోయింది. పైన రెండడుగులు బోసి ఉక్కు, దానిని ఒరుసుకొని విద్యుత్తు తీగెలు. ఇది కార్డింగ్‌టన్ స్తంభమే. మిగిలిన నాలుగింటికి మామూలు రంగు తప్ప ఏమీ లేదు. వాటిలో రెండింటికి జానెడు దూరంలో కుప్పలున్నవి. రేకు మందం కొలిస్తే అంచులలో 10 మిల్లీమీటర్లకు కొంచెం లోపుగానే వచ్చింది.

మేము కోరేది పెద్ద ఖర్చు కాదు. ఆ రెండడుగుల పలకను పూర్తి చేయించడం, మిగిలిన నాలుగింటికి ఇంజనీరును అడిగి తగిన తొడుగు ఏర్పరచడం, మందిరంలో కుప్పలు వేయకుండ వాటికి ఆరుబయట ఒక గది కేటాయించడం. అంతవరకు ప్రతి బోసి స్తంభం చుట్టూ రెండు మీటర్ల దూరాన నేల మీద ఒక పసుపు గీత గీసి, గీత లోపల ఏదీ ఉంచరాదని కట్టడి చేయవచ్చును. పెద్ద కుప్పకు రెండు మీటర్లు చాలవని పైన చెప్పినాము. కనుక గీత వెలుపల కూడ పెద్ద కుప్ప పనికిరాదు. మందిరంలో పరీక్షలనాడు మూడు వందల మంది కూర్చుంటారు. 2017 జనవరిలో టెహరాన్‌లో ప్లాస్కో అనే పాత ఉక్కు భవనం మంటలకు కూలినప్పుడు, లోపల మంటతో పోరాడుతున్న అగ్నిమాపక దళం వారే శిథిలాల క్రింద చిక్కుకొన్నారు. అది పలు అంతస్తులకు ప్రాకిన మంట, మాది ఒక మూల కుప్ప. అయినను ఆర్పడానికి పరుగెత్తే కుర్రవాళ్లు ఆ స్తంభం ప్రక్కనే నిలబడవలసి వస్తుంది.

ప్రశ్న అడిగిన విద్యార్థే సున్నపు పిడతలో పసుపు కలిపి గీతలు గీయడానికి పూనుకొన్నాడు. ఇది వ్రాసేనాటికి మూడు స్తంభాల చుట్టూ గీత పూర్తి అయినది. నాలుగవ దాని మొదట ఉన్నవి పాత జవాబు పత్రాల కట్టలు. వాటిని కదిలించడానికి పరీక్షల విభాగం వారి వ్రాతపూర్వకమైన అనుమతి రావలసి ఉన్నది.